అడగని క్రెడిట్ కార్డుకు ఏడాది ఫీజు: కట్టి వదిలించుకోవాలా, కొట్లాడాలా?

తెనాలి అమ్మాయి

మా నాన్నగారు రిటైర్డ్ టీచర్. ఫిక్స్‌డ్ డిపాజిట్ రెన్యువల్ కోసం బ్యాంకుకు వెళ్తే, అక్కడ టేబుల్ వేసుకుని కూర్చున్న కుర్రాడు "మీకు ఆఫర్ వచ్చింది సార్, ఫోన్‌కి ఒక నంబరు వస్తుంది చెప్పండి" అన్నాడట. డిపాజిట్ పనే కాబోలనుకుని నాన్న చెప్పారు. కొన్నాళ్లకు కొరియర్‌లో క్రెడిట్ కార్డు వచ్చింది. బీరువాలో పెట్టి ఊరుకున్నారు. రెండు నెలలు దాటాక ఇప్పుడు బిల్లు వచ్చింది: ఏడాది ఫీజు 1,499 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ 269.82, మొత్తం 1,768.82. ఆ కార్డు మీద ఒక్క రూపాయి ఖర్చు పెట్టలేదు. అన్నయ్యేమో "కట్టేసి క్లోజ్ చేయించు, నాన్నకి టెన్షన్ ఎందుకు" అంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు. మీరైతే ఏం చేస్తారు?

కూకట్‌పల్లి వాసి

మీ అన్నయ్య చెప్పిందే కరెక్ట్ అండీ. కట్టకపోతే లేట్ ఫీజు వేస్తారు, తర్వాత మన అప్పుల చరిత్ర రాసుకునే సిబిల్‌లో ఎక్కిస్తారు, రికవరీ వాళ్లు పొద్దున్నే ఫోన్లు మొదలుపెడతారు. ఆ ఫోన్లు ఎత్తాల్సింది మీరు కాదు, మీ నాన్నగారు. ఈ వయసులో ఆయనకు అది అవసరమా? పద్దెనిమిది వందలు పోతే పోయాయి.

రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి

కట్టకండమ్మా. ఒకసారి కట్టారంటే ఆ బాకీ మనదేనని ఒప్పుకున్నట్టే వాళ్లు మాట్లాడతారు.

క్రెడిట్ కార్డుల మీద రిజర్వ్ బ్యాంకు 2022 ఏప్రిల్‌లో ఆదేశాలు ఇచ్చింది. అడగని కార్డు ఇవ్వడం, అడగకుండా పై రకం కార్డుకు మార్చడం పూర్తిగా నిషేధం. స్పష్టమైన సమ్మతి లేకుండా కార్డు ఇచ్చి, యాక్టివేట్ చేసి బిల్లు వేస్తే, ఆ చార్జీలను వెంటనే వెనక్కి తీసుకోవాలి. అంతటితో అయిపోదు, దానికి రెట్టింపు మొత్తం జరిమానాగా కస్టమర్‌కే ఇవ్వాలి. మీ లెక్కన అది 3,537 రూపాయల పైచిలుకు. మధ్యలో ఆ కార్డును ఎవరైనా దుర్వినియోగం చేసినా నష్టం బ్యాంకుదే.

డబ్బు సంగతి అలా ఉంచండి. పెద్దవాళ్లు డిపాజిట్ కోసం వస్తారని తెలిసే ఆ టేబుల్ అక్కడ వేస్తారు. పది మంది కట్టి ఊరుకుంటారు కాబట్టే పదకొండో మనిషికి కూడా కార్డు పంపిస్తారు. నాకు కోపం వచ్చేది అక్కడే.

కార్డుల సేల్స్‌లో పనిచేశాను

సార్, మీరు చెప్పిన రూల్ ఉన్న మాట నిజమే, కానీ ఇక్కడ ఒక చిక్కుంది. ఓటీపీ చెప్పారు కదా! కాగితం మీద సంతకం లేకపోయినా డిజిటల్ పద్ధతిలో సమ్మతి తీసుకోవచ్చని అదే ఆదేశాల్లో ఉంది. బ్యాంకు రికార్డు తీసి "ఫలానా తేదీన, ఫలానా టైముకు కస్టమరే ఓకే చేశారు" అని చూపిస్తుంది. అప్పుడు అది అడగని కార్డు ఎలా అవుతుంది?

ఆ కుర్రాడి గురించి కూడా ఒక మాట. చాలామంది బ్యాంకు ఉద్యోగులు కారు, ఏజెన్సీ మనుషులు. నెలాఖరుకు టార్గెట్ పూర్తి కాకపోతే ఇన్సెంటివ్ పోతుంది, ఒక్కోసారి ఉద్యోగమే పోతుంది. అతన్ని తప్పుపట్టే ముందు అది కూడా ఆలోచించండి.

రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి

ఆ కుర్రాడి మీద నాకూ కోపం లేదు బాబూ. నేనడిగేది బ్యాంకును. దేనికో చెప్పకుండా తీసుకున్న ఓటీపీ స్పష్టమైన సమ్మతి ఎలా అవుతుంది? సమ్మతి ఉందంటున్నారు కాబట్టి దరఖాస్తు కాపీ ఇమ్మనండి. ఫీజు, వడ్డీ రాసి ఉండే ఒక పేజీ ముఖ్య వివరాల పత్రం దరఖాస్తుతో పాటు ఇవ్వాలి. అది ఎప్పుడు, ఏ రూపంలో ఇచ్చారో చూపించమనండి. ఓటీపీ మెసేజ్ ఇంకా నాన్నగారి ఫోన్‌లోనే ఉంటుంది, తీసి చదవండి. అందులో ఫీజు మాట ఉందా?

అన్నిటికన్నా ముఖ్యం, ఆ కార్డు యాక్టివేట్ అయిందా లేదా చూడమ్మా. ఇచ్చిన తేదీ నుంచి 30 రోజులు దాటినా కస్టమర్ యాక్టివేట్ చేయకపోతే, బ్యాంకు మళ్లీ ఓటీపీ ద్వారా అనుమతి అడగాలి. అనుమతి రాకపోతే, అడిగిన రోజు నుంచి ఏడు పనిదినాల్లో పైసా తీసుకోకుండా ఖాతా మూసేయాలి. యాక్టివేట్ చేయని కొత్త కార్డు వివరాలు సిబిల్ లాంటి సంస్థలకు పంపకూడదు కూడా. మొదటి ఓటీపీ సమ్మతే అనుకున్నా, ఈ రెండో మెట్టు దగ్గర బ్యాంకుకు జవాబు ఉండదు.

విశాఖ నుంచి

ఫీజున్న కార్డులన్నీ మోసమన్నట్టు రాయకండి. నేను ఫీజు కట్టే కార్డు వాడుతున్నాను, ఏడాదిలో వాళ్లు చెప్పినంత ఖర్చు చేస్తే ఫీజు తీసేస్తారు. నాకు గిట్టుబాటే. ఈ కేసులో మాత్రం రిటైర్డ్ సార్ వైపే నేను. తెలిసి తీసుకోవడం వేరు, ఇది వేరు.

తెనాలి అమ్మాయి

ఇప్పుడే చూశాను. కార్డు అట్టకు అతికించినట్టే ఉంది, ఊడదీయలేదు. పిన్ పెట్టలేదు, యాప్ లేదు. ఓటీపీ మెసేజ్‌లో "మీ దరఖాస్తు ధృవీకరణకు" అని మాత్రమే ఉంది. ఏ దరఖాస్తో లేదు, ఫీజు ఊసే లేదు. యాక్టివేట్ చేయమని తర్వాత వచ్చిన మెసేజ్ ఏదీ కనిపించలేదు. "కార్డు వద్దు, క్లోజ్ చేయండి" అని మెయిల్ పెట్టేయనా?

రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి

అలా మొదలుపెట్టొద్దు. మామూలు క్లోజింగ్ అయితే బాకీలన్నీ తీరాకే ఏడు పనిదినాల గడువు లెక్కకు వస్తుంది. ఆలస్యమైతే రోజుకు 500 రూపాయలు ఇవ్వాలన్న రూల్ కూడా బాకీ లేని ఖాతాకే. కాబట్టి "ముందు 1,768.82 కట్టండి" అంటారు. మీరు ఇలా రాయండి:

"ఈ కార్డు కోసం నేను దరఖాస్తు చేయలేదు. ఫీజు గురించి నాకు ఎవరూ చెప్పలేదు. కార్డును యాక్టివేట్ చేయలేదు. వేసిన ఫీజు, పన్ను రద్దు చేసి, అడగని కార్డుకు వర్తించే రెట్టింపు మొత్తం చెల్లించి, ఖాతాను మూసేయండి. నా సమ్మతి ఉందని మీరు భావిస్తే దరఖాస్తు కాపీ, దాని రికార్డు పంపండి. ఈ మొత్తం వివాదంలో ఉంది."

నాన్నగారి పేరు మీద, ఆయన మెయిల్ నుంచే పంపండి. ఫిర్యాదు నంబరు తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. సందేహముంటే రిజర్వ్ బ్యాంకు నంబరు 14448కి ఫోన్ చేయండి.

కూకట్‌పల్లి వాసి

యాక్టివేటే కాలేదంటే సరే, మెయిల్ పెట్టండి. కానీ ఆ 30 రోజుల్లో లేట్ ఫీజు పడితే? గడువు దాటి మూడు రోజులైతే వేయొచ్చు కదా.

కార్డుల సేల్స్‌లో పనిచేశాను

వేయొచ్చు. అందుకే ఆ మెయిల్ బిల్లు గడువు తేదీకి ముందే వెళ్లాలి, వివాదంలో ఉందన్న చివరి వాక్యం తీసేయకూడదు. ఒక ప్రింటు బ్రాంచి మేనేజర్‌కు ఇచ్చి ఇంకో కాపీ మీద ముద్ర వేయించుకోండి. కేంద్ర కార్యాలయం ఆలస్యం చేసినా, ముద్ర పడిన కాగితం తన దగ్గర ఉందంటే మేనేజరే ఫోన్లు చేసి కదిలిస్తాడు. నేను పనిచేసినప్పుడు ఫీజులు వెనక్కి వెళ్లడం ఎక్కువగా అలాగే చూశాను.