‘రెమిషన్’ని ‘నయమైంది’ అనొచ్చా?

అనువాదకురాలు: పేగుపూత జబ్బులున్న (అల్సరేటివ్ కొలైటిస్, క్రోన్స్) ఆడవాళ్ల కోసం ఒక కరపత్రం తెలుగు చేస్తున్నాం. గర్భం కోసం ప్రయత్నించే ముందు స్టిరాయిడ్ల అవసరం లేకుండా కనీసం 3 నెలలు ‘రెమిషన్’లో, అంటే జబ్బు అణిగి ఉన్న దశలో, ఉండాలన్నది అందులో ముఖ్యమైన వాక్యం. ముసాయిదాలో ‘నయమై ఉండాలి’ అని పడింది. నాకు రుచించలేదు. ‘ఉపశమనం’ సరిపోతుందా? జబ్బు పేరు దగ్గరా పేచీ ఉంది. ఒకరు ‘గ్రహణి’ అంటారు, ఒకరు ‘పేగు వాపు’ అంటారు.

పేగుల డాక్టరు: ‘నయమైంది’ వద్దేవద్దు. అది చదవగానే మాత్రలు ఆపేస్తారు. ఈ జబ్బులు అణుగుతాయి గానీ పూర్తిగా పోవు. మెసలమైన్, అజాథయోప్రిన్, ఇన్‌ఫ్లిక్సిమాబ్‌లను మామూలుగా గర్భంలోనూ కొనసాగిస్తాం. 37 వారాలు నిండకముందే కాన్పు, రెండున్నర కిలోల లోపు బిడ్డ, గర్భస్రావం, సిరల్లో రక్తం గడ్డకట్టడం లాంటివి ఎక్కువగా వచ్చేది రగులుతున్న జబ్బు వల్ల. ఈ మందుల వల్ల కాదు. జబ్బు రగులుతుండగా నెల తప్పితే, మూడింట రెండు వంతుల మందికి అది అలాగే సాగుతుంది, లేదా ముదురుతుంది. మెథోట్రెక్సేట్ సంగతి వేరు. అది పిండానికి హాని చేస్తుంది కాబట్టి కనీసం 3 నెలల ముందే డాక్టరు చేత మార్పించుకోవాలి.

‘ఉపశమనం’ కూడా పూర్తిగా అతకదు. నొప్పి, విరేచనాలు తగ్గినా లోపల పూత మిగిలి ఉండొచ్చు. దాన్ని మలంలో కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష పట్టిస్తుంది. గర్భిణుల్లో ఈఎస్ఆర్ (ఒంట్లో వాపును సూచించే రక్తపరీక్ష) తనంతట తానే పెరుగుతుంది, హిమోగ్లోబిన్ తగ్గుతుంది. వాటిని చూసి తేల్చలేం.

సంస్కృతం మాష్టారు: ‘సద్దుమణగడం’ చూడండి. సద్దు అంటే చప్పుడు. చప్పుడు అణిగిందంటామే గానీ, చేసినవాడు ఊరు విడిచి పోయాడనం కదా! మళ్లీ లేస్తే ‘తిరగబెట్టింది’ అనే మాట ఉండనే ఉంది. ‘ఫ్లేర్’ కోసం కొత్తగా ఏదీ కల్పించక్కర్లేదు.

‘గ్రహణి’ జోలికి మాత్రం పోకండి. చరక సంహిత చికిత్సాస్థానం 15వ అధ్యాయంలో ‘అన్నస్య గ్రహణాత్ గ్రహణీ’ అని ఉంది. అన్నాన్ని పట్టి ఉంచేది కనుక గ్రహణి. అంటే మొదట అది అవయవం పేరు, రోగానికి తర్వాత అంటుకుంది. ఆ రోగానికి సుశ్రుతుడు చెప్పిన లక్షణం ‘ముహుర్బద్ధం ముహుర్ద్రవం’. ఒకసారి గట్టిగా, ఒకసారి నీళ్లలా.

పేగుల డాక్టరు: మాష్టారూ, ఆ లక్షణం మేం ఐబీఎస్ (పేగుల పనితీరు మాత్రమే గాడి తప్పే జబ్బు) అనేదానికి దగ్గర. అందులో పేగుకి పుండు పడదు, నెత్తురు పోదు. కరపత్రంలో రెండూ ఒకే పేరుతో ఉంటే ఐబీఎస్ ఉన్నామె అనవసరంగా హడలిపోతుంది, కొలైటిస్ ఉన్నామె తేలిగ్గా తీసుకుంటుంది.

అనువాదకురాలు: ఇంకో చిక్కు కూడా ఉంది. గర్భిణి చేతిలో పెట్టే కాగితంలో ‘గ్రహణి’ అని చూస్తే ఇంట్లో పెద్దవాళ్లకు గ్రహణం, మొర్రి గుర్తుకొస్తాయి. ‘వాపు’ అంటే కాళ్ల వాపు అనుకుంటారు. ‘పేగుపూత’ ఖాయం చేస్తున్నాను, నోటిపూత ఎలాగూ అందరికీ తెలిసిందే.

పేగుల డాక్టరు: క్రోన్స్‌లో పుండు పేగు గోడ లోతుకు దిగుతుంది, ‘పూత’ దానికి కాస్త చిన్న మాటే. అయినా సర్దుకుందాం.

ఫార్మసిస్టు: ముసాయిదాలో ఫోలిక్ యాసిడ్ ‘400 మై.గ్రా.’ అని ఉంది. ఆ ఐత్వం అచ్చులో చెదిరితే ‘మి.గ్రా.’ అవుతుంది, అంటే వెయ్యి రెట్లు! ‘మైక్రోగ్రాములు’ అని పూర్తిగా రాయండి. సల్ఫాసలజైన్ వాడేవాళ్లకు ఆ మోతాదు చాలదు. ఆ మందు ఫోలేట్‌ని ఒంటికి పట్టనివ్వదు, అందుకని వాళ్లకు రోజుకు 2 మిల్లీగ్రాములు చెబుతారు. ఇది విడి వాక్యంగా ఉండాలి.

పేగుల డాక్టరు: ‘లైవ్ వ్యాక్సిన్’ని (బతికున్న క్రిమిని బలహీనపరచి చేసే టీకా) ‘సజీవ టీకా’ అని వదిలేశారు. చదివే తల్లికి ఏ టీకానో ఎలా తెలుస్తుంది? బీసీజీ (క్షయ టీకా) అని పేరు పెట్టి రాయండి. మన దగ్గర అది పుట్టగానే వేస్తారు. గర్భంలో ఇన్‌ఫ్లిక్సిమాబ్ లేదా అడాలిముమాబ్ తీసుకుని ఉంటే బిడ్డకు కనీసం 6 నెలలు దాన్ని ఆపాలి. ఆ సంగతి కాన్పు వార్డులో ముందే చెప్పి, కేసు షీట్ మీద రాయించుకోవాలి.

అనువాదకురాలు: వాక్యం ఇలా మార్చాను: ‘పేగుపూత సద్దుమణిగి, స్టిరాయిడ్ల అవసరం లేకుండా కనీసం 3 నెలలు గడిచాకే గర్భం కోసం ప్రయత్నించండి.’

పేగుల డాక్టరు: దాని వెంటనే, అదే సైజు అక్షరాల్లో: ‘సద్దుమణిగిందని మాత్రలు మానకండి.’