డీవీడీ పాల్‌దో ఎన్‌టీఎస్‌సీదో ప్లే చేయకుండానే తెలుసుకోవడం ఎలా?

పైన ఏమీ రాసిలేని పాత డిస్కులు చాలా ఉన్నాయండీ నా దగ్గర. కంప్యూటర్‌లో పెట్టి ఎంపెగ్‌ఏవీ ఫోల్డర్ ఉంటే వీసీడీ అని, వీడియో టీఎస్ ఉంటే డీవీడీ అని విడదీశాను. అక్కడిదాకా బాగానే ఉంది. చిక్కంతా డీవీడీలతోనే. వాటిలో పాల్, ఎన్‌టీఎస్‌సీ అని రెండు టీవీ సిగ్నల్ పద్ధతులు ఉంటాయి కదా. మా పాత టీవీ పాల్ సిగ్నల్‌నే సరిగ్గా చూపిస్తుంది. ఎన్‌టీఎస్‌సీ డిస్క్ వేస్తే రంగులు పోయి బొమ్మ పైకీ కిందకీ దొర్లుతూ ఉంటుంది.

వీఎల్‌సీ ప్లేయర్‌లో ప్లే చేసి కోడెక్ వివరాల్లో బొమ్మ ఎత్తు 576 (పాల్) ఉందా, 480 (ఎన్‌టీఎస్‌సీ) ఉందా అని చూడొచ్చు. కానీ ఒక్కో డిస్కూ అలా తిప్పి చూడాలంటే ఎంత ఓపిక ఉండాలి! ఈ సంగతి డిస్కులో వీడియో వివరాలుండే ఐఎఫ్‌ఓ ఫైల్లోనే రాసి ఉంటుంది కదా, దాన్ని నేరుగా చదివే ఉచిత సాఫ్ట్‌వేర్ ఏది వాడుతున్నారు? ఫైళ్ల వివరాలు చూపించే మీడియాఇన్ఫో సాఫ్ట్‌వేర్‌కి ఐఎఫ్‌ఓ ఒక్కటే ఇస్తే చాలా, అసలు వీడియో ఉండే వీఓబీ ఫైలు కూడా ఇవ్వాలా? డిస్క్ ఏ ప్రాంతంలో ఆడాలో చెప్పే రీజియన్ కోడ్ గొడవ వేరు, అది నాకు అక్కర్లేదు.