కేకుల కోసం తక్కువ ధరలో స్టాండ్ మిక్సర్: ఏం చూసి కొనాలి?

ఇంట్లో కేకులు చేసి, పైన క్రీముతో పూలు, అంచులు దిద్దడం నాకు ఇష్టం. ఇప్పటివరకు చేతిలో పట్టుకునే బీటరుతోనే నెట్టుకొస్తున్నాను. కేకు పిండికి అది చాలు. చిక్కంతా స్విస్ మెరింగ్ బటర్‌క్రీముతోనే. వేడి చేసిన తెల్లసొన, పంచదార మిశ్రమాన్ని గిన్నె చల్లబడేదాకా గిలకొట్టాలి, ఆ తర్వాత వెన్న ముక్కముక్కగా వేస్తూ మళ్లీ గిలకొట్టాలి. ఈలోగా చేయి లాగేస్తుంది, బీటరు వేడెక్కుతుంది, వెన్న వేయడానికి మూడో చేయి ఉంటే బాగుండుననిపిస్తుంది.

అందుకే స్టాండ్ మిక్సర్, అంటే చేత్తో పట్టుకోనక్కర్లేకుండా గిన్నెతో సహా బల్ల మీద నిలబడి గిలకొట్టే యంత్రం, కొందామనుకుంటున్నాను. మరీ ఖరీదైనది నా వల్ల కాదు. చవక రకాల మీద 1000, 1500 వాట్లని పెద్ద అక్షరాలతో రాస్తున్నారు గానీ, అది మోటారు లాగే కరెంటే తప్ప పిండికి అందే బలం కాదు కదా. ఆ అంకెను నేను పట్టించుకోవడం లేదు. గిన్నె 4 లీటర్లదా, 5 లీటర్లదా అన్నదే తేలడం లేదు. పెద్ద గిన్నెలో 2 గుడ్ల తెల్లసొన వేస్తే విస్క్ (గిలకొట్టే తీగల బుట్ట) అడుగుదాకా అందుతుందా? స్క్రూ తిప్పి దాని ఎత్తు సవరించుకునే వీలు చవక రకాల్లోనూ ఉంటుందా?

ఇంకొకటి, అతి తక్కువ వేగం నిజంగా నెమ్మదిగా ఉంటుందా? ఐసింగ్ షుగర్ వేయగానే వంటిల్లంతా తెల్లటి పొగ లేపే మిక్సరు నాకొద్దు. రొట్టె పిండి కలపడం అరుదు కాబట్టి ఆ పిండి కలిపే కొక్కెం (హుక్) ఎలా ఉన్నా సర్దుకుంటాను. వాడిన మిక్సరును కొన్నవారెవరైనా ఉంటే, లోపలి గేర్లు లోహానివో ప్లాస్టిక్‌వో ముందుగా ఎలా తెలుసుకున్నారో కూడా చెప్పండి.