రావియోలి: పేరు పైపొరదా, లోపలి ముద్దదా?

కృష్ణాతీరం:
రావియోలి అనే ఇటాలియన్ వంటకం గురించి మొన్న ఒక వంట వీడియోలో "రావియోలి అంటే ఇటాలియన్‌లో చుట్టినది" అని ధీమాగా చెప్పేశారు. చుట్టబెట్టడం అనే అర్థమున్న ‘రవ్వోల్జెరె’ నుంచి వచ్చిందట. ఇంకోచోట చూస్తే ‘రాపా’ నుంచి అని ఉంది, అంటే టర్నిప్ దుంప. ఏది నమ్మాలి?

చేదుకాఫీ:
చుట్టడమే, ఇందులో చర్చ ఏముంది? పిండి పల్చగా వత్తి, మధ్యలో రికోటా జున్ను, ఆకుకూర కలిపిన ముద్ద పెట్టి అంచులు నొక్కేస్తారు. చేసే పనే పేరైంది.

పాతపుస్తకం:
అంత తేలిగ్గా తేలదండీ. ఇటలీలోని పార్మాకు చెందిన సలింబేనే అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి 1280లలో లాటిన్‌లో రాసిన చరిత్రలో, సెయింట్ క్లేర్ పండుగనాడు "పిండి పొర లేని రావియోలి" తిన్నానని రాసుకున్నాడు. చుట్టినది అనే అర్థమే అయితే, చుట్టనిదాన్ని ఆ పేరుతో ఎలా పిలుస్తాడు? ఇటలీలోని టస్కనీ ప్రాంతంలో ఇప్పటికీ ‘న్యూడి’ చేస్తారు. రికోటా, పాలకూర కలిపి ఉండలు కట్టి, పొర లేకుండానే ఉడికిస్తారు. పేరుకు అర్థం ‘బట్టల్లేనివి’! పొర ఉన్నదానికి ‘తోర్తెల్లో’ అని వేరే మాట ఉండనే ఉంది.

చేదుకాఫీ:
ఆగండి. ఆ వాక్యంలోనే "మొదటిసారి తిన్నాను" అని కూడా ఉంది కదా, దాన్ని వదిలేశారేం? అంటే అప్పటిదాకా ఆయన తిన్నవన్నీ పొరతోనేనన్నమాట.

పాతపుస్తకం:
ఆయన ఊళ్లో పొర అలవాటే అనుకుందాం. అయినా పొర తీసేశాక కూడా పేరు నిలిచిందంటే, ఆ పేరు పట్టుకున్నది లోపలి ముద్దనే. మన పూర్ణాలు చూడండి. పూర్ణం అంటే శనగపప్పు, బెల్లం ముద్ద. తోపులో ముంచి వేయించాక మొత్తానికీ అదే పేరు.

భాషాపిచ్చి:
శబ్దం వైపు నుంచి చూసినా రవ్వోల్జెరె కష్టమే. అందులోని ‘ల్జె’ ఎటు పోయింది? రాపా అయితే ఉత్తర ఇటలీ మాండలికాల్లో ‘రావా’ అవుతుంది, ‘-యోలో’ చిన్నదనాన్ని చెప్పే ప్రత్యయం. రావియోలో, చిట్టి టర్నిప్. నిఘంటువులు మూలం అనిశ్చితం అనే రాస్తాయి గానీ, నా ఓటు దీనికే. ఓడల్లో మిగిలిన తిండికి జెనోవా నావికులు పెట్టిన పేరు అనే కథ మాత్రం తర్వాత అల్లినదిలా ఉంది. అన్నట్టు, రావియోలి ఇప్పటికే బహువచనం. మనం ‘రావియోలీలు’ అని ఇంకో బహువచనం తగిలిస్తాం!

చేదుకాఫీ:
మరి ఇటాలియన్ రచయిత బొకాచియో? ఆయన 14వ శతాబ్దపు కథల పుస్తకం డెకామెరాన్‌లో, ఒక ఊహాలోకంలో తురిమిన పార్మిజాన్ జున్ను కొండ మీద జనం మక్కరోని, రావియోలి చేసి కోడి రసంలో ఉడికించి కిందికి దొర్లిస్తుంటారు. పొర లేకపోతే రసంలో చెదిరిపోవూ?

పాతపుస్తకం:
గుడ్డు, జున్ను సరిపడా వేసి పైన కాస్త పొడిపిండి అద్దితే చెదరవు. న్యూడి ఉడికేదీ వేడి నీళ్లలోనే. బొకాచియో పొర ఊసే ఎత్తలేదు. ఆ వాక్యం మీకూ సాక్ష్యం కాదు, నాకూ కాదు.