కథ రాయడానికి కూర్చుంటే ఒకటే దడ, తొందర. మీకూ ఇంతేనా?

గంటస్తంభం:
మాది విజయనగరం. పగలు బట్టల కొట్టులో లెక్కలు రాస్తాను, వంద బిల్లులు రాసినా చెయ్యి వణకదు. రాత్రి భోజనాలయ్యాక కథ రాద్దామని కూర్చుంటే మాత్రం మొదటి పేరా అవకుండానే ఎప్పుడు అయిపోతుందా అని తొందర మొదలు. పది పేజీల్లో చెప్పాల్సింది మూడు పేజీల్లో కుక్కేసి, పొద్దున్న చదువుకుని సిగ్గేసి చించేస్తాను. మా నాన్న పనిచేసిన జూట్ మిల్లు లాకౌట్ రోజుల మీద కథ ఒకటి ఇలాగే నాలుగుసార్లు చించాను. నాన్న చదివితే ఏమంటారో అని ఒక భయం, పత్రికవాళ్లు తిప్పి పంపుతారని ఇంకో భయం (పోయినసారి పంపినదానికి ఆర్నెల్లయినా జవాబే లేదు, అదొకటి). ఈ టెన్షన్ తగ్గాలంటే ఏం చెయ్యాలి? ధ్యానం చెయ్యమనకండి, చేశాను, నిద్రొచ్చేస్తోంది.

నాగావళి గట్టు:
తమ్ముడూ, కొత్త నోటుబుక్కులో రాస్తున్నావా? నాకూ ఇదే జబ్బుండేది. మంచి అట్ట వేసి పైన ‘శ్రీ’ చుట్టేశాక ఇంక అందులో పిచ్చిరాత రాయడానికి మనసొప్పదు. ఇప్పుడు మా అమ్మాయి పాత ప్రశ్నపత్రాల వెనక పెన్సిలుతో రాస్తున్నాను. ఒక పక్క త్రికోణమితి, ఇంకో పక్క నా కథ. ఎలాగూ చిత్తుకాగితమే కదా, దాని దగ్గర భయమేంటి. నచ్చని వాక్యం కనిపిస్తే కింద గీత పెట్టి వెళ్లిపోతాను, అక్కడే కూర్చుని దిద్దను. లేచేటప్పుడు కూడా తర్వాతి మాట తెలిసుండగానే లేస్తాను. నిన్న “అమ్మ తలుపు తీసి” దగ్గర ఆపాను, పొద్దున్న కూర్చోగానే మిగతాది దానంతటదే వచ్చింది.

పాత మాస్టారు:
చించడం ముందు మానండి బాబూ. మీ ఊళ్లోనే గురజాడ వారి ఇల్లుంది. కన్యాశుల్కం 1892లో ఆడారు, 1897లో అచ్చయింది, అంత పేరొచ్చాక కూడా ఆయన దాన్ని బాగా తిరగరాసి 1909లో మళ్లీ అచ్చు వేయించారు. మీరేమో రాత్రి రాసినదానికి పొద్దున్నే ఉరిశిక్ష వేసేస్తున్నారు. ఓ వారం పెట్టెలో పడెయ్యండి, అప్పుడు చూడొచ్చు. వీలైతే ఓసారి శ్రీకాకుళం వచ్చి కథానిలయం చూడండి, తెలుగు కథల కోసం కథకులు కారా మాస్టారు (కాళీపట్నం రామారావు గారు) 1997లో పెట్టిన లైబ్రరీ. నేను అక్కడ పాత పత్రికలు తిరగేస్తుంటే మంచి కథలతో పాటు మామూలు కథలూ బోలెడు కనిపించాయి, నిజం చెప్పాలంటే నాకు ధైర్యం వచ్చింది ఆ రెండో రకం చూశాకే.

ఉప్పుచేప:
మాస్టారూ, గురజాడ పేరెత్తితే అతనికి ఉన్న దడ రెండింతలవుతుందండీ! అన్నా, నాకనిపించింది చెప్తాను. నీకు లాకౌట్ సంగతి పూర్తిగా తెలీదు, అందుకే అక్కడ నిలబడలేక చివరికి పరిగెడుతున్నావు. మిల్లు సైరన్ ఎన్నిసార్లు మోగేది, ఆ రోజు నాన్న ఎన్నింటికి ఇంటికొచ్చారు, ఇవి అడిగావా? కథ అని చెప్పకు, ఊరికే అడుగు. పెన్ను కూడా మరీ బిగించి పడుతున్నావేమో చూసుకో, నాకు మధ్యవేలు మీద గుంట పడిపోయేది.

గంటస్తంభం:
అడిగాను. సైరన్ గురించి మొదలుపెట్టి గంటసేపు చెప్పారు. లాకౌట్ రోజు గేటు దగ్గర నుంచే తిరిగొచ్చేశారట, క్యారేజీ మూత కూడా తియ్యలేదట. అమ్మ అడిగితే ఆకల్లేదన్నారట. సాయంత్రం ఆ చల్లారిన అన్నంలోనే చారు పోసి నాకు కలిపి పెట్టిందట, నాకేమీ గుర్తులేదు. రాత్రి ఆ క్యారేజీ ఒక్కటీ రాశాను, రెండు పేజీలు వచ్చింది, ఇంకా అన్నం దగ్గరకి రానేలేదు. దడ ఉంది గానీ చించలేదు. చించడానికీ లేదులెండి, నాగావళి అన్న మాట విని కొట్టు బిల్లుబుక్కు వెనక రాశాను, సోమవారం ఓనర్‌కి అది అప్పజెప్పాలి.