సమస్యాపూరణం: అక్షరంబుల వానలో నతివ తడిసె

నిర్వాహకుడు: తేటగీతి పాదం. అక్ష, రంబుల, వానలో, నతివ, తడిసె: ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. నాలుగో గణం మొదట యతి. విషయం: చైనా కుర్రకారు బీలిబీలి అనే వీడియో సైటులో చూసే పాత హిందీ ప్రేమచిత్రాలు. అక్కడ వ్యాఖ్యలు వీడియో కింద పడి ఉండవు, బొమ్మ మీదుగానే పరుగెడతాయి. చీనీలో 'దాన్‌ము' అంటారు, తూటాల తెర అని.

చకోరి:
పాత హిందీ వలపుగాథఁ బడుచువారు
బీలిబీలిలోఁ దిలకించి వేడ్కతోడ
వ్రాయ మాటలు కుడినుండి పారి వచ్చె
అక్షరంబుల వానలో నతివ తడిసె

ముత్యాలసరం: 'కుడినుండి' అనడం బాగుంది, నిజంగానే అటునుంచే వస్తాయి. 'వాన' కూడా ఊరికే పడిన మాట కాదు. ప్రతి వ్యాఖ్యా సినిమాలో ఒకానొక క్షణానికి ముడిపడి ఉంటుంది. పదిమంది పది వేర్వేరు రోజుల్లో రాసినా, ఆ పాట రాగానే అన్నీ ఒక్కసారే కురుస్తాయి. వ్రా–పా యతి సరే, సంయుక్తంలో వకారం తీసుకున్నారు. చిక్కల్లా 'వచ్చె' దగ్గర. అది ద్రుతాంతం (చివర నకారం దాగి ఉన్న మాట), అచ్చు తగిలితే 'వచ్చె నక్షరంబుల' అయి కూర్చుంటుంది, సమస్య మారిపోతుంది. సంబోధనతో ముగించి చూడండి.

చకోరి: 'పారు మిత్ర!' అని మార్చానండీ.

గడ్డిపూవు:
తాత మెచ్చిన యావార తరుణి రూపు
మనుమరాలి ఫోనున నేడు మరలఁ దోఁచె
పొగడు మాటలు తెరనెల్లఁ గురియు నౌర!
అక్షరంబుల వానలో నతివ తడిసె

ముత్యాలసరం: మూడో పాదంలో పొ–గు యతి చెల్లదు. 'తెరనెల్లఁ బొరలు నౌర' అంటే సరిపోతుంది. 'ఆవారా' దీర్ఘం కుదించడం నాకు నచ్చదు గానీ, గణం కోసం తప్పలేదు. 'తాత' మాత్రం అచ్చంగా అతికింది: 1951 నాటి ఆ చిత్రం చైనాలో 1955లో విడుదలైంది, దాని పాటను అక్కడివాళ్ళు 'లాజి పాట' అంటారు (కథానాయకుడు రాజ్ అక్కడ లాజి అయ్యాడు). తండ్రిని పెట్టాలంటే 1980 ప్రాంతంలో అక్కడ ఆడిన 'కారవాన్' ఉంది.

గడ్డిపూవు: యతి దిద్దుకున్నాను. ఒక సందేహమండీ. బీలిబీలిలో కొన్ని వీడియోలకు అక్షరాలు మనిషి బొమ్మను కప్పకుండా వెనకనుంచి పోయే అమరిక ఉంది కదా? అది వేస్తే అతివ తడవదు!

నిర్వాహకుడు: అది ఆపేసి పూరించండి.