‘సైన్’ అంటే శకునమా, నక్షత్రమా?

పాతరికార్డు: పొద్దున్నించి ఒక లైను వదలట్లేదు. అమెరికన్ బ్లూస్ గాయకుడు ఆల్బర్ట్ కింగ్ 1967లో మెంఫిస్ రికార్డు కంపెనీ స్టాక్స్‌కి చేసిన ఆల్బమ్ టైటిల్ పాట ‘బార్న్ అండర్ ఎ బ్యాడ్ సైన్’, దురదృష్టమే లేకపోతే నాకసలు అదృష్టమే ఉండేది కాదు అన్నట్టు వస్తుంది కదా, తెలుగులో పెడదామని కూర్చుంటే పల్లవి దగ్గరే ఆగిపోయా. ‘బ్యాడ్ సైన్’లో పుట్టానంటాడు. దుశ్శకునమా, చెడ్డ నక్షత్రమా?

సీసమాలిక: నక్షత్రమేనండీ. విలియం బెల్, బుకర్ టి. జోన్స్ ఆ పాట రాసిందే జ్యోతిషం ఆలోచనతో. శకునం దారిలో ఎదురొస్తుంది, అందులో ఎవరూ పుట్టరు.

వేపచెట్టు: అలాగైతే రాశి అనాలి, వాళ్ళ సైన్లు పన్నెండే.

సీసమాలిక: మూలలో పుట్టాడు, జ్యేష్ఠలో పుట్టాడు అంటాం గానీ ఫలానా రాశిలో పుట్టాడు పాపం అని ఎవరంటారు?

వేపచెట్టు: మా అమ్మమ్మ రెండూ అనదు, ‘ఏ వేళన పుట్టాడో’ అంటుంది. పాటకి అదే సరిపోతుంది నన్నడిగితే. ఇంకోటి, ఆ అదృష్టం లైను మెంఫిస్‌లో పుట్టింది కాదు, లూసియానా బ్లూస్ గాయకుడు లైట్నిన్ స్లిమ్ 1954లోనే పాడేశాడు.

పాతరికార్డు: నిజమే, కానీ కింద బుకర్ టి బ్యాండు, అల్ జాక్సన్ డ్రమ్సు, మెంఫిస్ హార్న్స్ వాళ్ళ బాకాలు ఉన్నాయి చూడండి, ఆ సోల్ బీటు మీద పడేసరికి ఏడుపు లైను కాస్తా నడక అయిపోయింది. తర్వాతేడాదే బ్రిటిష్ బ్యాండు క్రీమ్ వాళ్ళు రాక్‌లోకి పట్టుకుపోయారు.

తాళద్రుమం: అసలు గొడవ ‘ఏ’ దగ్గరుంది, ఎవరూ పట్టించుకోలేదు. ‘దురదృష్టమే లేకపోతే’ అంటే ఒక అర్థం, ‘దురదృష్టం కూడా లేకపోతే’ అంటే ఇంకో అర్థం. ‘కూడా’ అంటే అదైనా మిగిలిందన్న తృప్తి వస్తుంది, ఆయన గొంతులో ఉన్నది అదే. పైగా మన మాటలోనే దుర్ తీసేస్తే అదృష్టం మిగుల్తుంది, ఇంగ్లీషులో ఉన్న మెలిక మనకి సంస్కృతం ఊరికే ఇచ్చింది.

సీసమాలిక: సంస్కృతంలో అదృష్టం అంటే కనపడనిది, మంచీ చెడూ రెండూ. మనమే మంచికి కట్టేశాం. ఇంతకీ ఏనుగు లక్ష్మణకవి ఖర్వాటుడి పద్యం, అదే బట్టతలవాడిది, గుర్తు రాలేదా ఎవరికీ? ఎండకి తాళలేక తాటిచెట్టు నీడకి పరిగెత్తితే కాయ నెత్తిన పడింది. ‘దైవోపహతుడు’ అంటాడు, ఆ ఒక్క మాట చాలు పల్లవికి.

వేపచెట్టు: భర్తృహరి మూలంలో కొన్ని ప్రతుల్లో ‘భాగ్యరహితః’ అని, కొన్నిట్లో ‘దైవహతకః’ అని ఉంటుంది కదా, లక్ష్మణకవి మాత్రం దైవం దెబ్బ కొట్టాడనే అన్నాడు. అందుకే ఆయనంటే నాకు ప్రాణం.

తాళద్రుమం: నా పేరు ఆ పద్యంలోదే. కానీ ఎంత గొప్ప మాటైనా ఆరక్షరాల సమాసం ఆ బేస్ లైను మీద కూర్చోదు. పాకడం మొదలెట్టినప్పట్నుంచీ కిందే ఉన్నానని పాడే మనిషి దైవోపహతుణ్ణి అంటాడా?

పాతరికార్డు: ‘వేళ’ అయితే కూర్చుంటుంది, ఇప్పుడే పాడి చూశా. ‘కూడా’ మాత్రం రెండో అక్షరం దగ్గర సాగుతోంది, ‘ఏ’ అయితే సాగట్లేదు. ఒకసారి మీరూ రికార్డు పెట్టుకుని పాడి చూసి చెప్పండి.